డక్టల్ రకం ప్రోస్టేట్ క్యాన్సర్: ఏ జన్యు పరీక్ష ముందు చేయించాలి, దాన్నిబట్టి మందు మారుతుందా?

గౌతమి_తీరం:

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారి వయసు 67 సంవత్సరాలు. అమ్మ, ఆయన రాజమహేంద్రవరంలో ఉంటారు. మూత్రంలో రక్తం పడుతోందనీ, ధార సన్నబడిందనీ డాక్టరుకు చూపిస్తే, రక్తంలో చూసే ప్రోస్టేట్ ప్రొటీన్ పీఎస్‌ఏ 5.8 మాత్రమే ఉండటంతో వయసు వల్ల ప్రోస్టేట్ పెరిగిందనే అందరం అనుకున్నాం. మూత్రమార్గం గుండా గ్రంథిని కోసి తీసే టీయూఆర్‌పీ ఆపరేషన్ చేసి, ఆ ముక్కలను పరీక్షకు పంపితే ‘డక్టల్ ఎడినోకార్సినోమా, గ్లీసన్ 4+4=8’ అని నివేదిక వచ్చింది. తర్వాత తీసిన పెట్ స్కానులో కటి ఎముకలోనూ, రెండు ఊపిరితిత్తుల్లోనూ మచ్చలు కనిపించాయి. ఇప్పుడు మూడు నెలలకొకసారి ల్యూప్రొలైడ్ ఇంజెక్షను, రోజూ అబిరటెరోన్, ప్రెడ్నిసొలోన్ మాత్రలు నడుస్తున్నాయి. మనిషి తేరుకున్నారు, నొప్పులు తగ్గాయి, సాయంత్రం పూట గట్టు మీద నడవగలుగుతున్నారు.

ఇది అరుదైన రకమనీ, జన్యు పరీక్షలు చేయించుకుంటే ముందుముందు మందు ఎంచుకోవడానికి పనికొస్తాయనీ మా ఆంకాలజిస్టు చెప్పారు. ల్యాబు ప్రతినిధి ఒకరు వచ్చి, రక్తంతో చేసేది ఒకటి, బయాప్సీ ముక్కతో చేసేది ఒకటి, రెండూ కలిపిన ప్యాకేజీ ఇంకొకటి అంటూ మూడు ధరలు చెప్పి వెళ్లారు. దేనివల్ల ఏం తెలుస్తుందో ఆయన వివరించలేకపోయారు. ఓపీ రద్దీలో డాక్టరుగారిని నిలబెట్టి అడిగే వీలు మాకు చిక్కలేదు. అరుదైన రకం కాబట్టి ఈ పరీక్షలు మరింత అవసరమా, లేక అరుదైన రకానికి మందులే లేనప్పుడు పరీక్ష చేయించి ప్రయోజనం లేదా? ముక్కతో చేయించాలా, రక్తంతోనా? ఏదైనా మార్పు దొరికితే ఇప్పుడు వాడుతున్న మందులు ఆపి కొత్తవి మొదలుపెడతారా? ఇవీ నా సందేహాలు.

మా కుటుంబం గురించి కూడా రాస్తున్నాను. మా మేనత్తగారికి 48వ ఏట గర్భసంచి క్యాన్సర్ వచ్చింది, ఆపరేషన్ తర్వాత క్షేమంగా ఉన్నారు. బాబాయి పెద్దపేగు క్యాన్సర్‌తో 52 ఏళ్లకే పోయారు. ఆసుపత్రిలో ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. మా వారు ఆ మేనత్తగారి అబ్బాయే. మాకు ఇద్దరు పిల్లలు. నాకు ఒక తమ్ముడు ఉన్నాడు.


పాత_స్లైడు:

అమ్మా, నేను ప్రభుత్వ వైద్య కళాశాలలో పాథాలజీ బోధించి విరమించినవాడిని. మందుల సంగతి ఆ విద్య తెలిసినవారు చెబుతారు. నేను ముక్క గురించి చెబుతాను, ఎందుకంటే ఇకపై వచ్చే ప్రతి నివేదికా ఆ ముక్క ఎంత మంచిదన్న దాని మీదే ఆధారపడుతుంది.

డక్టల్ రకంలో కణాలు పొడవుగా నిలబడి, వేళ్లలాంటి మడతలుగానో, జల్లెడలాంటి రంధ్రాలతోనో పెరుగుతాయి. చాలాసార్లు మూత్రమార్గానికి ఆనుకుని ఉంటాయి కాబట్టే రక్తం పడటం, ధార సన్నబడటం ముందుగా బయటపడతాయి. వ్యాధి ఎంత వ్యాపించిందో దానికి తగినంతగా పీఎస్‌ఏ పెరగకపోవడం కూడా ఈ రకంలో తరచు చూస్తాం. వేలు పెట్టి చూసిన డాక్టరుకు గ్రంథి మెత్తగా తగలవచ్చు, పీఎస్‌ఏ చూసిన డాక్టరుకు అనుమానం రాకపోవచ్చు. సూక్ష్మదర్శిని కింద మాత్రం ఇది పెద్దపేగు క్యాన్సర్‌నూ, మూత్రాశయపు క్యాన్సర్‌నూ పోలి ఉంటుంది. మీ బాబాయిగారికి పెద్దపేగు క్యాన్సర్ ఉందని చదివాక నాకు మొదట తోచింది ఇదే: ఈ గడ్డ ప్రోస్టేట్‌లోనే పుట్టిందని తేల్చే రంగుల పరీక్షలు, అంటే ఎన్‌కేఎక్స్3.1, పీఎస్‌ఏ వంటివి చేశారా, పేగు కణాల గుర్తు అయిన సీడీఎక్స్2 చూశారా అని నివేదికలో వెతకండి. సినాప్టోఫైసిన్, క్రోమోగ్రానిన్ అనే పేర్లు కూడా ఉన్నాయేమో చూడండి. అవి నరాల కణాల పోలికలున్న న్యూరోఎండోక్రైన్ కణాలు కలిసి ఉన్నాయా లేదా చెబుతాయి. ఇవేవీ లేకపోతే స్లైడ్లు, బ్లాకులు (ముక్కను మైనంలో భద్రపరిచిన దిమ్మెలు) తీసుకొని రెండో పాథాలజిస్టుకు చూపించండి. వాటిని అడిగి తీసుకునే హక్కు రోగికి ఉంది. డాక్టరు ఉత్తరం చూపించి, సంతకం పెట్టి తెచ్చుకోవచ్చు.

ఇక మీ అసలు ప్రశ్న. నా మాటగా చెప్పాలంటే, పెద్ద ప్యాకేజీల కంటే ముందు చేయించవలసింది ముక్కకు రంగు పట్టించి ప్రొటీన్లను చూసే ఐహెచ్‌సీ పద్ధతిలో చేసే నాలుగు ప్రొటీన్ల పరీక్ష: ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6. కణం విభజన చెందేటప్పుడు డీఎన్ఏ నకలులో దొర్లే తప్పులను అచ్చు ప్రూఫులు దిద్దేవారిలా పట్టుకుని సరిచేసేవి ఈ ప్రొటీన్లే. ఇవి లోపిస్తే తప్పులు వేల సంఖ్యలో పోగుపడతాయి. ఓ మోస్తరు పాథాలజీ ల్యాబుల్లో కూడా చేసే పరీక్ష ఇది, ఖర్చు చాలా జన్యువులను ఒకేసారి చదివే జన్యు ప్యానెల్‌తో పోలిస్తే చాలా తక్కువ, కొన్ని రోజుల్లో ఫలితం వస్తుంది. చదివేటప్పుడు మేము గడ్డ కణాల కేంద్రకాలను, వాటి పక్కనే ఉన్న లింఫోసైట్ల కేంద్రకాలను పోల్చి చూస్తాం. లింఫోసైట్లు గోధుమరంగు పట్టి, గడ్డ కణాలు మాత్రం నీలంగా మిగిలిపోతే ఆ ప్రొటీన్ నిజంగా లోపించినట్టు. రెండూ నీలంగానే ఉంటే రంగే సరిగా పట్టలేదని అర్థం, మళ్లీ చేయాలి. టీయూఆర్‌పీ ముక్కల అంచులు విద్యుత్తు వేడికి మాడి ఉంటాయి కాబట్టి ఈ జాగ్రత్త మీ విషయంలో మరీ ముఖ్యం.

ప్రోస్టేట్‌లో ఈ లోపం ఉన్నప్పుడు ఎక్కువగా పోయేది ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 జంట. మొదటిది లేనిదే రెండోది నిలవలేదు గనుక రెండూ కలిసే మాయమవుతాయి. ఈ లోపం జాడను డీఎన్ఏలో వెతికే, ఎంఎస్‌ఐ అని పీసీఆర్ పద్ధతిలో చేసే పరీక్ష పెద్దపేగు క్యాన్సర్ కోసం రూపొందినది, ప్రోస్టేట్‌లో కొన్నింటిని వదిలేస్తుంది. అది మామూలుగా ఉందన్న ఒక్క కారణంతో విషయాన్ని వదిలేయకండి.

మరొక మాట. మీ నాన్నగారి ముక్కల్లో డక్టల్ భాగం, మామూలు భాగం రెండూ కలిసి ఉండవచ్చు. జన్యు పరీక్షకు పంపే బ్లాకును పాథాలజిస్టు స్వయంగా ఎంచి, డక్టల్ భాగం ఎక్కడ దట్టంగా ఉందో స్లైడు మీద గీత గీసి పంపాలి. ఎవరో ఒకరు అలమరలో చేతికందిన బ్లాకు తీసి పంపితే పరీక్ష విఫలం కావడమో, తప్పు భాగానికి జరగడమో అవుతుంది. ఒలాపారిబ్ మందు మీద జరిగిన ప్రొఫౌండ్ అధ్యయనంలో, అంత శ్రద్ధగా సేకరించినా, 4,047 మందిలో 2,792 మందికే ముక్క నుంచి ఫలితం వచ్చింది. పాతబడిన బ్లాకుల్లో డీఎన్ఏ విరిగిపోతుంది. రంగుల పరీక్షల కోసం బ్లాకునంతా కోసేయకుండా, జన్యు పరీక్షకు కొన్ని పొరలు అట్టిపెట్టమని ముందుగానే చెప్పండి.


ఓరుగల్లు_ఆంకో:

గౌతమి_తీరం గారికి నమస్కారం. నేను మెడికల్ ఆంకాలజిస్టును. పైన పెద్దలు ముక్క గురించి చెప్పిన ప్రతి మాటతోనూ ఏకీభవిస్తున్నాను.

ముందుగా మీ ఆందోళనకు సమాధానం: ఏ ఫలితం వచ్చినా ఇప్పుడు పనిచేస్తున్న హార్మోన్ చికిత్సను ఆపరు. డక్టల్ రకం కూడా చాలామందిలో ఈ చికిత్సకు లొంగుతుంది. జన్యు ఫలితం ప్రధానంగా అక్కరకొచ్చేది ఈ మందులను దాటి వ్యాధి పెరిగినప్పుడు. ఆ రోజు వచ్చాక పరీక్ష మొదలుపెడితే వారాలు గడిచిపోతాయి, ఈలోగా మనిషి నీరసించి ఏ చికిత్సకూ తట్టుకోలేని స్థితికి రావచ్చు. అందుకే ఆరోగ్యంగా నడుస్తున్న ఈ సమయంలోనే చేయించి, నివేదికను ఫైలులో ఉంచుకోవాలి.

అరుదైన రకం కాబట్టి పరీక్ష మరింత అవసరమా అని అడిగారు. అవును. 2016లో అమెరికా పరిశోధకులు 10 డక్టల్ గడ్డలను చదివితే 4 గడ్డల్లో, పైన చెప్పిన ప్రూఫులు దిద్దే జన్యువుల్లో లోపం కనిపించింది. పది అనేది చాలా చిన్న సంఖ్య; ఆ నిష్పత్తిని యథాతథంగా తీసుకోకూడదు. అదే బృందం ఆ తర్వాత 51 మంది గడ్డలను పరిశీలించినప్పుడు, రకరకాల డీఎన్ఏ మరమ్మతు జన్యువులన్నీ కలిపి చూస్తే దాదాపు సగం మందిలో ఏదో ఒక మార్పు ఉంది. వ్యాపించిన ప్రోస్టేట్ క్యాన్సర్ మొత్తంలో ఆ వాటా సుమారు నాలుగో వంతు. కాబట్టి డక్టల్ అన్న మాట మందును నిర్ణయించదు గాని, ఎక్కడ వెతకాలో గట్టిగా సూచిస్తుంది.

ఇక ఏది దొరికితే ఏం చేస్తామన్నది. ప్రూఫులు దిద్దే ప్రొటీన్లు లోపించిన గడ్డల్లో పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు (శరీర రోగనిరోధక శక్తిని గడ్డ మీదికి ఉసిగొల్పేది) పనిచేసే అవకాశం ఉంది. 2017 మే నెలలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందుకు అనుమతి ఇచ్చినప్పుడు, క్యాన్సర్ ఏ అవయవంలో పుట్టిందన్నది పక్కన పెట్టి, ఈ లోపం ఉందా లేదా అన్న ఒక్క గుర్తునే ప్రమాణంగా తీసుకుంది. అలా జరగడం అదే మొదటిసారి. ప్రోస్టేట్‌లో ఈ లోపం మొత్తం మీద అరుదే. న్యూయార్క్‌లో 1,033 మందిని పరీక్షిస్తే 32 మందిలో, అంటే 3.1 శాతంలో కనబడింది. వారిలో ఇమ్యునోథెరపీ తీసుకున్న 11 మందిలో 6 మందికి పీఎస్‌ఏ సగానికి పైగా పడిపోయింది, కొందరిలో ఆ ఫలితం చాలాకాలం నిలిచింది. మిగతా వారికి అంత మేలు జరగలేదన్నది కూడా మీరు మనసులో ఉంచుకోవాలి.

డీఎన్ఏ మరమ్మతుకు చెందిన బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువుల్లో లోపం ఉంటే, పార్ప్ అనే మరో మరమ్మతు ప్రొటీన్‌ను అడ్డుకునే పార్ప్ నిరోధకాలనే మాత్రలు ఉన్నాయి: ఒలాపారిబ్, రుకాపారిబ్, నిరాపారిబ్, టాలజోపారిబ్. ప్రొఫౌండ్‌లో బీఆర్‌సీఏ లేదా ఏటీఎం అనే మరో మరమ్మతు జన్యువు లోపం ఉన్నవారికి, మళ్లీ మరో హార్మోన్ మాత్ర ఇస్తే వ్యాధి 3.6 నెలలు అదుపులో ఉండగా, ఒలాపారిబ్‌తో 7.4 నెలలు ఉంది. లోతుగా చూస్తే ఆ మేలులో అధిక భాగం బీఆర్‌సీఏ2 వారిదే. ఏటీఎం మార్పుకు ఫలితం బలహీనం, సీడీకే12 మార్పుకు అంతకంటే అనిశ్చితం. నివేదికలో ఈ పేర్లన్నీ ఒకే వరుసలో, ఒకే రంగు పెట్టెలో, పక్కన ఒకే మందు పేరుతో అచ్చవుతాయి; చదివేవారు అన్నీ సమానమే అనుకుంటారు. దయచేసి ఏ జన్యువు, ఆ జన్యువు రెండు ప్రతులూ పోయాయా, ఒక్కటే పోయిందా అని అడగండి. ఈ మాత్రల వల్ల రక్తహీనత తరచు వస్తుంది, రక్తం ఎక్కించవలసి రావచ్చు. బీఆర్‌సీఏ లోపం ఉన్న గడ్డలు కార్బోప్లాటిన్ వంటి పాత మందులకు కూడా లొంగుతాయి. మాత్రల ఖర్చు భరించలేని కుటుంబాలకు నేను ఆ దారి కూడా చెబుతాను.

ఒక లోటు చెప్పాలి. ఈ పెద్ద అధ్యయనాల్లో డక్టల్ రోగులు ఎంతమంది ఉన్నారో, వారికి విడిగా ఎంత మేలు జరిగిందో చెప్పే గణాంకాలు లేవు; అరుదైన రకాలను విడదీసి చూసేంత సంఖ్యలో రోగులు వాటిలో లేరు. గుర్తును బట్టి మందు ఇస్తున్నామే తప్ప, ఫలానా రకంలో ఫలానా మందు నెగ్గిందన్న రుజువుతో కాదు. ఇది మనల్ని ఆపకూడదు గాని, ఆశను అదుపులో ఉంచాలి.

రక్తమా, ముక్కా అన్న ప్రశ్నకు: రక్తంతో చేసే పరీక్షలు రెండున్నాయి, ల్యాబు ప్రతినిధి వాటిని కలిపేసి ఉంటారు. పుట్టుకతో వచ్చిన లోపాన్ని తెల్లరక్తకణాల్లో వెతికేది ఒకటి. గడ్డ నుంచి రక్తంలోకి రాలిన డీఎన్ఏ తునకలను వెతికేది, అంటే లిక్విడ్ బయాప్సీ, మరొకటి. మీ నాన్నగారికి మందులు బాగా పనిచేస్తున్నాయి కాబట్టి ఇప్పుడు రక్తంలో గడ్డ తునకలు దాదాపు ఉండవు. ఏమీ దొరకలేదని నివేదిక వస్తే అది గడ్డలో మార్పు లేదన్న సాక్ష్యం కాదు. వయసు పైబడినవారి మజ్జలో పుట్టే మార్పులు గడ్డవిగా పొరబడే ప్రమాదమూ ఉంది: 69 మంది రక్తాన్ని ఇలా పరిశీలించిన ఒక అధ్యయనంలో 7 మందికి, పార్ప్ మాత్రలకు అర్హత తెచ్చిపెట్టే జన్యువుల్లోనే ఈ మజ్జ మార్పులు కనిపించాయి. అందుచేత ఇప్పుడు చేయించవలసినవి ముక్కతో ఐహెచ్‌సీ, ముక్కతో జన్యు ప్యానెల్, పుట్టుక లోపానికి రక్త పరీక్ష. లిక్విడ్ బయాప్సీ వ్యాధి మళ్లీ పెరిగిన రోజుకు అట్టిపెట్టుకోండి.

మీ మేనత్తగారి, బాబాయిగారి విషయాలు రేపే మీ ఆంకాలజిస్టుకు రాతపూర్వకంగా ఇవ్వండి. ఆయన ఏ పరీక్ష రాస్తారన్నది దానితో మారుతుంది.


తోడునీడ:

నమస్కారమండీ. మేము టెక్సాస్‌లో ఉంటున్నాం. మా వారికి వచ్చింది మామూలు రకమే, కానీ హార్మోన్ మందుల మీద కొంతకాలం గడిచాక వ్యాధి రూపు మార్చుకొని స్మాల్ సెల్ న్యూరోఎండోక్రైన్ రకంగా తేలింది. మీ సందర్భం వేరైనా, ఒక విషయం మీకు పనికొస్తుందని రాస్తున్నాను.

పీఎస్‌ఏ తగ్గుతూ ఉంటే మేము సంతోషించాం. ఆయనకు మాత్రం ఆకలి చచ్చిపోయింది, బరువు తగ్గింది, కుడి డొక్కలో బరువుగా ఉందనేవారు. స్కాను తీస్తే కాలేయం నిండా గడ్డలు. ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల మీద ఉండే పీఎస్‌ఎంఏ ప్రొటీన్‌ను వెతికే స్కానులో అవి సరిగా వెలగలేదు, గ్లూకోజు ఆధారంగా చేసే ఎఫ్‌డీజీ స్కానులో వెలిగాయి. కాలేయం నుంచి కొత్తగా ముక్క తీస్తే క్యాన్సర్‌ను అదుపు చేసే ఆర్‌బీ1, టీపీ53 జన్యువులు రెండూ పోయాయని వచ్చింది. గడ్డ తన పాత స్వభావాన్ని వదిలేసినప్పుడు పీఎస్‌ఏ తయారు చేయడం కూడా మానేస్తుందని, అందుకే ఆ అంకె తగ్గిందని డాక్టరు బొమ్మ గీసి చూపించారు. రేడియోధార్మిక మందైన లుటీషియం చికిత్స గురించి మేమెంతో ఆశ పెట్టుకున్నాం. ఆ మందు పట్టుకునే పీఎస్‌ఎంఏ కణాల మీద లేనప్పుడు దానివల్ల ప్రయోజనం ఉండదన్నారు.

ఆ ఫలితానికి సరిపోయే గురిపెట్టిన మందు ఏదీ లేదు. ఊపిరితిత్తుల స్మాల్ సెల్ క్యాన్సర్‌కు ఇచ్చే కార్బోప్లాటిన్, ఎటొపొసైడ్ ఇచ్చారు. కాలేయంలో గడ్డలు కుదించుకుపోయాయి, మళ్లీ అన్నం తినగలిగారు. ఇలాంటి కణాల మీద చాలాసార్లు ఉండే డీఎల్‌ఎల్3 అనే ప్రొటీన్‌ను గురిచూసే టార్లాటమాబ్‌కు 2024 మేలో ఊపిరితిత్తుల స్మాల్ సెల్ క్యాన్సర్‌కు అనుమతి వచ్చింది, ప్రోస్టేట్‌లో ప్రయోగ దశలో ఉంది. మా వారి ముక్కలో ఆ ప్రొటీన్ ఉందో లేదో చూస్తున్నారు.

చెప్పదలచుకున్నది ఇంతే. మీ నాన్నగారికి మొదటి నుంచీ పీఎస్‌ఏ తక్కువే కాబట్టి ఆ ఒక్క అంకెను నమ్ముకోవద్దు. ఆకలి, బరువు, నొప్పి, వీటిని అమ్మగారు ఒక పుస్తకంలో రాస్తూ ఉంటే బాగుంటుంది. నిర్ణీత వ్యవధిలో స్కాన్లు అడగండి. వ్యాధి ఎప్పుడైనా పెరిగితే పాత ముక్క మీద ఆధారపడకుండా, పెరిగినచోటు నుంచి కొత్త ముక్క తీయమనండి.


గౌతమి_తీరం:

మీరందరూ ఇంత శ్రద్ధగా రాసినందుకు కృతజ్ఞతలు. మీ సలహాలు చదివాక కుటుంబ వివరాలు ఒక కాగితం మీద రాసి డాక్టరుగారికి ఇచ్చాం. ఆయన చదివి, వెంటనే బ్లాకులు తెప్పించారు. రెండో పాథాలజిస్టు కూడా ప్రోస్టేట్‌లో పుట్టిన డక్టల్ రకమేనని ధ్రువపరిచారు, ఎన్‌కేఎక్స్3.1 ఉంది, సీడీఎక్స్2 లేదు, న్యూరోఎండోక్రైన్ గుర్తులు లేవు. నాలుగు ప్రొటీన్ల పరీక్షలో ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2 ఉన్నాయి. ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 గడ్డ కణాల్లో లేవు, పక్కనున్న లింఫోసైట్లలో ఉన్నాయి అని స్పష్టంగా రాశారు. రక్త పరీక్ష ఇంకా ఇవ్వలేదు.

ఇప్పుడే ఇమ్యునోథెరపీ మొదలుపెట్టమని అడగాలా? ఇది వంశపారంపర్యమేనని ఖాయమైనట్టేనా? నిజం చెప్పాలంటే నాన్నగారి మందు గురించి మొదలైన ప్రశ్న ఇప్పుడు పిల్లల గురించి దిగులుగా మారింది.


ఓరుగల్లు_ఆంకో:

ఇప్పుడే వద్దు. ఉన్న చికిత్స పనిచేస్తున్నంతకాలం దాన్నే కొనసాగించడం సబబు. పెంబ్రోలిజుమాబ్ అనుమతి కూడా ముందు చికిత్సలను దాటి వ్యాధి పెరిగినవారికే. ఇది పుట్టుకతో వచ్చిన లోపమైనా, గడ్డలో మాత్రమే పుట్టినదైనా ఇమ్యునోథెరపీకి అర్హత ఒకటే కాబట్టి, మందు పరంగా మీకు కావలసిన జవాబు ఈ ఐహెచ్‌సీతోనే దొరికింది. ముక్కతో జన్యు ప్యానెల్ కూడా చేయిస్తే తప్పుల సంఖ్య నిజంగా ఎక్కువగా ఉందా అన్నది తెలుస్తుంది. రెండూ ఏకీభవిస్తే నమ్మకం గట్టిపడుతుంది.

ఖర్చు గురించి ఇప్పటి నుంచే ఆలోచించండి. పూర్తి మోతాదు 3 వారాలకొకసారి 200 మిల్లీగ్రాములు, అది మధ్యతరగతి కుటుంబం సొంతంగా మోయగలిగిన భారం కాదు. తయారీ కంపెనీ సహాయ పథకంలో చేరడానికి ఏ కాగితాలు కావాలో ఆసుపత్రి ఫార్మసీలో అడగండి, ప్రభుత్వ పథకంలో ఏవి వర్తిస్తాయో ఆరోగ్యమిత్రను అడిగి రాయించుకోండి, క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో ప్రయోగాలను వెతకండి. ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు తల, మెడ క్యాన్సర్లలో నివోలుమాబ్ అనే మరో ఇమ్యునోథెరపీ మందును కేవలం 20 మిల్లీగ్రాములు ఇచ్చి ఆయుష్షు పెరిగిందని 2023లో చూపించారు. అది వేరే క్యాన్సర్, వేరే మందు. ప్రోస్టేట్‌కు దాన్ని రుజువుగా తీసుకోలేం. అయినా స్తోమత లేనిచోట ఏం చేయవచ్చో చర్చించేటప్పుడు మీ డాక్టరుగారు ఆ ప్రస్తావన తేవచ్చు. సంస్థ అంటే గుర్తొచ్చింది, విశాఖపట్నంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి టాటా మెమోరియల్‌కు చెందినదే. రెండో అభిప్రాయానికి మీకు అదే దగ్గర.


వంశవృక్షం:

గౌతమి_తీరం గారూ, నేను జన్యు సలహాదారుగా పనిచేస్తున్నాను. మీ దిగులు అర్థమవుతోంది, అందుకే విషయాన్ని వరుసలో పెట్టి చెబుతాను.

ఖాయమైనట్టు కాదు. పైన చెప్పిన న్యూయార్క్ అధ్యయనంలో లోపం ఉన్న 32 మందిలో 7 మందికే అది పుట్టుకతో వచ్చింది, మిగతావారిలో గడ్డలోనే పుట్టింది. కానీ మీ ఇంట్లో 48 ఏళ్లకు గర్భసంచి, 52 ఏళ్లలోపు పెద్దపేగు, ఇప్పుడు ఎంఎస్‌హెచ్2 లేని ప్రోస్టేట్: ఈ మూడూ తోబుట్టువుల్లోనే రావడం లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య స్థితిని బలంగా సూచిస్తోంది. నాన్నగారి రక్త పరీక్షను వాయిదా వేయకండి. పరీక్ష రాసేటప్పుడు అక్షరాల మార్పులతో పాటు పెద్ద తొలగింపులను కూడా చూడాలనీ, ఎంఎస్‌హెచ్2కు పక్కనే ఉండే ఎప్‌క్యామ్ జన్యువును కలపాలనీ కోరండి. ఆ పక్క జన్యువు చివరి భాగం ఊడిపోతే ఎంఎస్‌హెచ్2 మూగబోతుంది. ఇది చూడని ప్యానెల్ ఏమీ లేదని తప్పుగా చెప్పగలదు.

మార్పు దొరికితే దాని కచ్చితమైన పేరున్న నివేదిక నకలు అందరికీ ఇవ్వండి. బంధువులు పెద్ద ప్యానెల్ చేయించుకోనక్కరలేదు, ఆ ఒక్క మార్పు కోసం చేసే చిన్న పరీక్ష చాలు. మీకూ, మీ తమ్ముడికీ అది వచ్చి ఉండే అవకాశం చెరి సగం. మేనత్తగారికి కూడా పరీక్ష అవసరం. గర్భసంచి తీసేసినంత మాత్రాన ఆమె పెద్దపేగుకు ముప్పు పోలేదు, కొలనోస్కోపీ చేయించుకోవాలి. మార్పు ఉన్నవారు 20 నుంచి 25 ఏళ్ల మధ్య మొదలుపెట్టి ఏడాదికో, రెండేళ్లకో ఒకసారి కొలనోస్కోపీ చేయించుకుంటే పేగులో మొలకలు క్యాన్సర్ కాకముందే తీసేయవచ్చు. స్త్రీలు సంతానం చాలనుకున్న తర్వాత, 40 ఏళ్ల ప్రాంతంలో, గర్భసంచి, అండాశయాలు తీయించుకోవడం గురించి గైనకాలజిస్టుతో మాట్లాడాలి. పురుషుల విషయంలో, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 మార్పులున్నవారికి ప్రోస్టేట్ క్యాన్సర్ ఎక్కువగా వస్తోందని ఇంపాక్ట్ అధ్యయనం 2021లో తెలిపింది. మీ తమ్ముడికి మార్పు ఉంటే 40 ఏళ్ల నుంచి ఏటా పీఎస్‌ఏ చూపించుకోవాలి. మీ నాన్నగారి అనుభవం దృష్ట్యా అతను మూత్రంలో రక్తం వంటి లక్షణాలను కూడా పీఎస్‌ఏ బాగుందన్న ధీమాతో వదిలేయకూడదు.

మీరు మీ మేనత్తగారి అబ్బాయిని పెళ్లి చేసుకున్నానని రాశారు. మన ఇళ్లలో ఇది సర్వసాధారణం, ఇందులో ఎవరి తప్పూ లేదు. అయితే మీ నాన్నగారికీ, అత్తగారికీ ఇద్దరికీ ఒకే మార్పు ఉంటే అది మీకు మీ నాన్నగారి నుంచీ, మీ వారికి వారి అమ్మగారి నుంచీ వచ్చి ఉండవచ్చు. ఇద్దరిలోనూ ఉన్నప్పుడు మాత్రమే, ఒక్కో బిడ్డకు రెండు ప్రతులూ లోపించిన స్థితి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. అది లించ్ సిండ్రోమ్ కంటే తీవ్రమైనది, చిన్నతనంలోనే మెదడు, రక్తం, పేగు క్యాన్సర్లకు దారితీయగలదు; చర్మం మీద పాలు కలిపిన కాఫీ రంగు మచ్చలు దానికి ఒక గుర్తు. మీ ఇద్దరిలో ఏ ఒక్కరికి మార్పు లేదని తేలినా పిల్లలకు ఈ ప్రమాదం లేనట్టే. అందువల్ల పిల్లలకు ఇప్పుడే పరీక్షలు వద్దు. నాన్నగారి ఫలితం రాగానే, మీరూ మీ వారూ ఒకేసారి రక్తం ఇవ్వండి. ఇద్దరికీ ఉందని వస్తేనే పిల్లల పరీక్ష గురించి, పిల్లల క్యాన్సర్ వైద్యులూ జన్యు సలహాదారూ కలిసి కూర్చుని మీతో మాట్లాడవలసి ఉంటుంది. ఈలోగా పిల్లల ఒంటి మీద అలాంటి మచ్చలు ఉన్నాయేమో చూసి, ఉంటే ఫొటో తీసి తేదీతో ఉంచుకోండి.